ముగ్గురిలో ఇద్దరు ఒక్క దిక్కే ఉంటే అది ఎంపికేనా?

కాజీపేట జంక్షన్:
నిన్న సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్‌లో మొదలైన పంచాయితీ ఇది. అక్కడ తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. కేంద్ర ఎన్నికల కమిషనర్లను ఎవరు ఎంపిక చేయాలి?

రాజ్యాంగం 324వ అధికరణం ప్రకారం నియమించేది రాష్ట్రపతి. పార్లమెంటు చట్టం చేస్తే ఆ చట్టానికి లోబడి అని అందులోనే రాశారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ చట్టం ఎవరూ చేయలేదు. ఏ పార్టీ గద్దె మీద ఉంటే ఆ ప్రభుత్వం ఫైలు పంపేది, రాష్ట్రపతి సంతకం పెట్టేవారు. 2023 మార్చి 2న సుప్రీంకోర్టు అడ్డుపడింది. చట్టం వచ్చేదాకా ప్రధాని, లోక్‌సభలో ప్రతిపక్ష నేత, భారత ప్రధాన న్యాయమూర్తి కలిసి పేర్లు సూచించాలంది. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది. కాకపోతే ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో ప్రధాని నామినేట్ చేసే కేంద్ర మంత్రిని కూర్చోబెట్టింది. ఇక ప్రతిపక్ష నేత ఒప్పుకున్నా, కాదన్నా లెక్క 2–1. నా ఉద్దేశంలో ఇది మార్చాలి. మీరేమంటారు?

ఎనుమాముల మిర్చి:
ఎందుకు మార్చాలి? 1990లో టి.ఎన్. శేషన్‌ను ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వేసింది ఎవరు? అప్పటి ప్రభుత్వమే. కమిటీ లేదు, జడ్జీల ఎంపికకు ఉన్న కొలీజియం లాంటిదీ లేదు. అయినా అన్ని పార్టీలకూ చుక్కలు చూపించాడు. మనిషిలో దమ్ముంటే ఎవరు వేస్తే ఏంది?

ఇంకోటి. జడ్జీలను జడ్జీలే వేసుకుంటున్నారు, ఇప్పుడు ఎన్నికల కమిషనర్లను కూడా వాళ్లే వేయాలా? రేపు ఆ నియామకం మీదే కేసు పడితే వినాల్సింది ఆ కోర్టే. ఎంపిక చేసిన పెద్దమనిషి కోర్టులోనే ఎంపిక తప్పని వాదించాలన్నమాట.

డ్యూటీ సార్, హన్మకొండ:
శేషన్ పేరు చెప్పుకుని ఎన్నాళ్లు బతుకుదాం తమ్మీ? ఆయన దూకుడు తట్టుకోలేకే 1993 అక్టోబర్‌లో పక్కన ఇంకో ఇద్దరిని వేశారని అప్పట్లో అందరూ అనుకున్నారు. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు, 1995లో ఓడిపోయాడు. దమ్మున్న మనిషి పక్కన కూడా సర్కారు తలుచుకుంటే కుర్చీలు వేయగలదు.

నేను టీచర్ని. పోలింగ్ బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా నాలుగు ఎన్నికలు చేశాను. పోలింగ్‌కు గంటన్నర ముందు మాక్ పోల్, అంటే మిషన్‌ను పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్ ఉంటుంది. తెల్లారకముందే లేచి, పార్టీల ఏజెంట్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని కనీసం 50 ఓట్లు వేయించాలి. మిషన్ లెక్కను వీవీప్యాట్ చీటీలతో సరిచూపాలి. మళ్లీ క్లియర్ చేసి సున్నా చూపించాలి. మిషన్‌కు వేసే గ్రీన్ పేపర్ సీల్ మీద నా సంతకం పెట్టి, ఏజెంట్లతో పెట్టించాలి. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క 17సి ఫారంలో రాసి ఏజెంట్ల చేతికి కాపీ ఇవ్వాలి.

ఒకసారి ములుగు దిక్కు ఒక తండాలో పడింది డ్యూటీ. కరెంటు లేదు, సెల్‌ఫోన్ లైటులో సీల్ వేస్తున్నాం. ఒక ముసలాయన ఏజెంటుగా వచ్చాడు, కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాడట. సీల్ నంబరు నేను చదివి వినిపించాను. నమ్మలేదు. ఎదుటి పార్టీ ఏజెంటుతో చదివించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ తర్వాత ఆలోచిస్తే, ఆయన చేసిందే కరెక్టు.

ఇప్పుడు ఢిల్లీ చూడండి. 2024 మార్చి 14న కొత్త చట్టం కింద ఇద్దరు కమిషనర్లను ఎంపిక చేశారు. ప్రతిపక్షం తరఫున కూర్చున్న అధీర్ రంజన్ చౌధురి బయటికొచ్చి చెప్పిందేమిటి? ముందు రోజు రాత్రి 212 పేర్ల జాబితా ఇచ్చారు, మీటింగ్‌కు కాస్త ముందు ఆరు పేర్లు చేతిలో పెట్టారు. తండా ముసలాయనకు సీల్ నంబరు చూసుకునేందుకు మేమిచ్చినంత టైం కూడా ఆయనకు దొరకలేదు.

జమ్మికుంట పత్తి:
మిర్చి అన్నకు మార్కెట్లో జెండా పాట, అదే వేలంలో ముందు పలికే రేటు సంగతి నేను చెప్పాలా! పలికేది ఒక్క లాటుకు, పేపర్లో పడేది ఆ రేటు. మన బస్తాల దగ్గరికొచ్చేసరికి వేరే కథ. ముగ్గురి కమిటీ ఆ జెండా పాట లాంటిదే. అంతకుముందే న్యాయశాఖ మంత్రి, ఇద్దరు కార్యదర్శులు సెర్చ్ కమిటీగా కూర్చుని అయిదు పేర్లు తయారు చేస్తారు. అర్హత కూడా కార్యదర్శి హోదాలో పనిచేస్తున్నవాళ్లకో, చేసినవాళ్లకో మాత్రమే. బేరం అక్కడే అయిపోతుంది.

ఆర్మూర్ పసుపు:
మా నిజామాబాద్ సంగతి గుర్తుందా? 2019 లోక్‌సభకు 185 మంది పోటీ. అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే, మా బాబాయి ఒకడు. ఇంతమంది పేర్లు మిషన్లో పట్టవు, ఇక బ్యాలెట్ పేపరే గతి అనుకున్నాం. కమిషన్ ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చి ఈవీఎంల మీదే చేయించింది. బాబాయికి ఆయన పేరు వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది, అది వేరే విషయం. పని చేతకాదని మాత్రం నేను అనను.

నా బాధ ఎంపిక గురించి కాదు, కూర్చున్నాక ఉండే భయం గురించి. ప్రధాన కమిషనర్‌ను తీసేయాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసినంత తతంగం. మిగతా ఇద్దరిని తీసేయాలంటే ప్రధాన కమిషనర్ సిఫారసు చేస్తే చాలు. 2023 చట్టం కూడా దీన్ని మార్చలేదు. 2019లో కమిషనర్ అశోక్ లవాసా ఎన్నికల కోడ్ ఉల్లంఘన ఫిర్యాదుల మీద తన అసమ్మతి రికార్డు చేయమని అడిగాడు, చేయలేదు. మరుసటి ఏడాది రాజీనామా చేసి ఆసియా అభివృద్ధి బ్యాంకుకు వెళ్లిపోయాడు. ఉండి ఉంటే ప్రధాన కమిషనర్ అయ్యే వరుసలో ఉన్న మనిషి.

ఎనుమాముల మిర్చి:
పసుపు అన్న చెప్పింది ఒప్పుకుంటా. ముగ్గురికీ ఒకే రక్షణ ఉండాలి. కానీ ప్రతిపక్షం ఒప్పుకుంటేనే నియామకం అన్నారనుకోండి, పని ఆగిపోతుంది. పాకిస్తాన్‌లో ప్రధాని, ప్రతిపక్ష నేత మాట్లాడుకోవాలి. తెగకపోతే రెండు పక్షాలకూ సగం సగం ఉండే పార్లమెంటరీ కమిటీకి పోతుంది. వినడానికి బాగుంది కదా? 2019లో అక్కడి ఎన్నికల కమిషన్‌లో ఇద్దరు సభ్యుల కుర్చీలు దాదాపు ఏడాది ఖాళీగా ఉన్నాయి.

డ్యూటీ సార్, హన్మకొండ:
దీనికీ మా బూత్‌లో జవాబుంది. మాక్ పోల్‌కు ఏజెంట్లు టైంకు రాకపోతే 15 నిమిషాలు చూసి మొదలుపెట్టమని రూలు. ఒకరు రాలేదని పోలింగ్ ఆపం, అలాగని రాకముందే తలుపు వేసుకుని కానిచ్చేయం. పేర్లు నెల ముందు బయటపెట్టండి, అభ్యంతరాలు విని రాతలో జవాబివ్వండి. గడువు దాటితే అప్పుడు మెజారిటీతో తేల్చండి. దక్షిణాఫ్రికాలో ప్యానెల్ అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసి, కనీసం ఎనిమిది పేర్లు పార్లమెంటు కమిటీకి పంపుతుంది. మన దగ్గర 2022లో ఒక అధికారి నవంబర్ 18న స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే 19న కమిషనర్ అయ్యాడు. అంత తొందరేంటని సుప్రీంకోర్టే అడిగింది.

జగిత్యాల వనజ:
అన్నలూ, ఢిల్లీ సంగతి తర్వాత. మన సర్పంచ్ ఎన్నికలు పెట్టే రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను ఎవరు వేస్తారు? పేరుకు గవర్నర్, పంపేది రాష్ట్ర ప్రభుత్వం. అక్కడ ప్రతిపక్ష నేతకు కుర్చీ కూడా లేదు. 2020లో ఆంధ్రాలో ఆర్డినెన్స్ తెచ్చి పదవీకాలం కుదించి కమిషనర్‌ను ఇంటికి పంపితే, హైకోర్టు మళ్లీ కూర్చోబెట్టాల్సి వచ్చింది. మన దగ్గర 2024 ఫిబ్రవరి నుంచి ఊళ్లన్నీ ప్రత్యేక అధికారుల చేతిలో ఉన్నాయి, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. మా వాడకట్టులో మోరీ పూడికకు ఎవరిని అడగాలో తెలియక దాదాపు రెండేళ్లు తిరిగాం.

కాజీపేట జంక్షన్:
అది వేరే చర్చ అక్కా అనబోయాను. కానీ కాదు. రాష్ట్రంలో ఏ పార్టీ వచ్చినా ఈ పద్ధతి మారుస్తామని ఎవరూ అనకపోవడం చూస్తే, ఢిల్లీలో ప్రతిపక్షం గోల ఎంతవరకు నిజమో అనుమానం వస్తోంది.

ఎనుమాముల మిర్చి:
నెల ముందు పేర్లు బయటపెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. రాతలో కారణాలు, అదీ సరే. జడ్జి మాత్రం వద్దు. మూడో కుర్చీలో లోక్‌సభ స్పీకర్‌ను కూర్చోబెడితే సరిపోదా?

జమ్మికుంట పత్తి:
స్పీకర్ ఏ పార్టీ టికెట్ మీద గెలిచి వస్తారన్నా?