చర్చి యూత్ మీటింగ్‌లో పాటలకున్న ఊపు వాక్యం (బైబిల్ బోధ) దగ్గర ఉండట్లేదు, ఏం చేయాలి?

ఆవగింజ
అందరికీ వందనాలు. 13 నుంచి 19 ఏళ్ల పిల్లలు 22 మంది, వారానికి ఒక మీటింగ్, గంటన్నర. పాటలప్పుడు హుషారుగా ఉంటారు. వాక్యం మొదలవగానే తలలు ఫోన్లలోకి దిగిపోతాయి. ఒక అధ్యాయం సొంతంగా చదివి అర్థం చేసుకోగలిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రసంగీకుణ్ణి మార్చమని మాత్రం చెప్పకండి, అదీ అయిపోయింది.

గొర్రెలదొడ్డి
తప్పు ప్రసంగీకుడిది కాదు బ్రదర్, కూర్చోబెట్టిన తీరుది. 22 మందిని ఒకేచోట కూర్చోబెడితే మాట్లాడేది నలుగురే, మిగతావాళ్లు ప్రేక్షకులు. వయసును బట్టి మూడు గుంపులు చేయండి, గుంపుకు 7 లేదా 8 మంది. 13 ఏళ్లవాణ్ణి 19 ఏళ్లవాడి పక్కన కూర్చోబెడితే చిన్నవాడు నోరు తెరవడు. గుంపుకు ఇద్దరు పెద్దలు, కనీసం రెండేళ్లు వాళ్లే ఉండాలి. మూడు నెలలకోసారి మనిషి మారితే పిల్లలు పైపై మాటలే చెప్తారు, అసలు సంగతి బయటికి రాదు.

గంటన్నరలో పలకరింపుకు 10 నిమిషాలు, పాటలకు 15, గుంపుల్లో వాక్యానికి 40, ప్రార్థనకు 15, ప్రకటనలకు 5. మిగిలిన 5 ఆలస్యానికి. అది ఎలాగూ అవుతుంది.

మూడోఅంతస్తు
40 దాటనివ్వకండి. అపొస్తలుడైన పౌలు చాలాసేపు మాట్లాడుతుంటేనే ఐతుకు అనే యువకుడు నిద్రపోయి కిటికీలోంచి కింద పడ్డాడు (అపొ. కార్యములు 20:9). మనమెంత!

వచనంవెంటవచనం
ఆ 40 నిమిషాల్లో ఏం చేయాలో చెప్తాను.

మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలే, కథ వేగంగా నడుస్తుంది. వారానికి ఒక అధ్యాయం. 1, 6, 14 లాంటి పొడవైనవి రెండు వారాలకు విడదీయండి, 14లోనే 72 వచనాలున్నాయి. ఆదికాండంతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా నియమాలతో నిండిన లేవీయకాండం దగ్గర చతికిలబడతారు. ప్రకటన గ్రంథం కావాలని పిల్లలు అడుగుతారు, మొదటి ఏడాది లొంగకండి. మార్కు తర్వాత ఫిలిప్పీయులకు, యాకోబు పత్రికలు.

ఆ రోజు భాగాన్ని కాగితం మీద ప్రింటు తీసి పంచండి. ఫోన్లో చదవమంటే మెసేజ్ వచ్చిన క్షణమే పిల్లవాడు మన చేయి దాటిపోయినట్టు. పాత అనువాదం గ్రాంథిక భాష దగ్గరే చాలామంది ఆగిపోతారు కాబట్టి వాడుక భాషలో ఉన్న అనువాదం కూడా పక్కనే ఇవ్వండి.

ఒకరు పైకి చదవాలి. తర్వాత 5 నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, చేతిలో పెన్ను. ఆశ్చర్యం కలిగించిన చోట ఆశ్చర్యార్థకం, అర్థం కాని చోట ప్రశ్నార్థకం, తనతోనే మాట్లాడినట్టున్న చోట గీత. చర్చ ఆ గుర్తులతోనే మొదలవ్వాలి. మీ నోట్సుతో కాదు.

ప్రశ్న తయారు చేయడంలోనే ఉంది కిటుకంతా. మార్కు 4:35–41, తుపాను. "దీనినుంచి ఏం నేర్చుకున్నాం?" అని అడిగితే "ప్రార్థన చేయాలి, విశ్వాసం ఉండాలి" అని వాక్యం చూడకుండానే చెప్పేస్తారు. దానికి బదులు "యేసు దోనెలో ఏ చోట ఉన్నాడు, ఏం చేస్తున్నాడు?" అనండి, కళ్లు కాగితం మీదికి వెళ్తాయి. తర్వాత "గాలి ఆగిపోయాక కూడా శిష్యులు మిక్కిలి భయపడ్డారట. ఆగాక భయమెందుకు?" దీనికి రెడీమేడ్ జవాబు లేదు.

అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మూడు దాకా ఆగలేక నాయకుడే జవాబు చెప్పేస్తాడు, అక్కడే చెడుతుంది. కాస్త ఓపిక పడితే ఆయనే చెప్తాడని పిల్లలకు అర్థమైపోతుంది. ఎవరైనా జవాబిస్తే "కరెక్ట్" అనకుండా "ఏ వచనంలో కనిపించింది?" అనండి.

తోమాపక్షం
సందేహాల పెట్టె ఒకటి పెట్టండి. పేరు రాయనక్కర్లేదు. వారానికి ఒక్క ప్రశ్న, పది నిమిషాలు. తెలియకపోతే "తెలియదు, వచ్చే వారం చెప్తాను" అనాలి, మరచిపోకుండా చెప్పాలి. ఒక్కసారి ఎగ్గొడితే ఆ పెట్టెలో మళ్లీ చీటీ పడదు. బాధలో ఉన్నవాడికి ముందే జవాబు అందించకండి, 13వ కీర్తన ఇచ్చి చదవమనండి. "ఎంతకాలం" అని దేవుణ్ణే నిలదీయడం బైబిల్లో ఉందని చాలామంది పిల్లలకు తెలియదు.

కాపలాబురుజు
పై సలహాలన్నిటికంటే ముందు ఇది. పెద్దవాళ్లెవరూ ఒక పిల్లవాడితోనో అమ్మాయితోనో మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకూడదు. వ్యక్తిగతంగా మాట్లాడాలంటే నలుగురికీ కనిపించే చోట, మాటలు మాత్రం వినబడనంత దూరంలో. రాత్రిపూట విడిగా మెసేజ్‌లు వద్దు, గ్రూపులో రెండో పెద్ద ఉండాలి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "నీకు ప్రమాదమైతే చెప్పాల్సి వస్తుంది" అని మొదటి రోజే అందరికీ చెప్పేయండి. హింస, లైంగిక వేధింపు, తనకు తాను హాని చేసుకోవడం, ఇలాంటివి బయటపడితే వాళ్లన్న మాటలు ఉన్నవున్నట్టు రాసి, ఆ రోజే బాధ్యులకూ చట్టం చెప్పిన చోటా తెలియజేయాలి. విచారణ మన పని కాదు. ప్రార్థన చేసి ఇంటికి పంపేయడం అంతకంటే కాదు.

మైకుదూరం
స్టేజీ గురించి ఒక మాట. బాగా పాడతాడని కొత్తవాడికి వెంటనే మైకు ఇవ్వకండి. పాటకే వచ్చినవాణ్ణి ఏదో కారణంతో పాటనుంచి తప్పిస్తే మీటింగూ మానేస్తాడు. ముందు కనిపించని పని ఇవ్వండి: కుర్చీలు, సౌండు, సండే స్కూల్లో టీచరుకు సాయం, పెద్దలతో కలిసి రోగుల్ని పరామర్శించడం. మొదట చూడనివ్వాలి, తర్వాత కలిసి చేయాలి, ఆ తర్వాత అతను చేస్తుంటే మనం చూడాలి. మనవాళ్లు ఈ మూడో మెట్టు ఎగరగొట్టేస్తారు.

వచనంవెంటవచనం
క్యాంపుల విషయంలోనూ అంతే. నిద్రలేని ఆఖరి రాత్రి, మెల్లని సంగీతం మధ్య యేసును నమ్ముతామన్నవాళ్లతో చేతులెత్తించి లెక్క రాసుకుంటే ఆ లెక్క నిలవదు. నిర్ణయం తీసుకున్నవాళ్లతో మర్నాడు పొద్దున "ఏం జరిగింది, ఏం అర్థమైంది?" అని మాట్లాడండి. వారంలోపు గుంపు పెద్దకు అప్పజెప్పండి.

ఆవగింజ
చాలా థాంక్సండీ. చిక్కేమిటంటే మాకు పెద్దలు నలుగురే ఉన్నారు. మూడు గుంపులకు ఆరుగురు కావాలి కదా?

గొర్రెలదొడ్డి
అయితే రెండు గుంపులే చేయండి, 11 మంది చొప్పున. ఆ 5 నిమిషాల మౌనం అయ్యాక అదే గదిలో ముగ్గురు నలుగురు చొప్పున మాట్లాడుకోనిచ్చి, మళ్లీ కలపండి. మిగతా ఇద్దరి కోసం కుర్రకారులోనే వెతకకండి. వినే ఓపిక ఉంటే 60 ఏళ్ల సిస్టర్ గారైనా సరిపోతారు. కాకపోతే ముందు రెండు నెలలు పక్కన కూర్చోబెట్టి చూపించండి, పిల్లల గురించి సంఘ పెద్దలు పెట్టుకున్న నియమాలు చదివించండి.