ఒహాయోలో మెథడిస్టు చర్చికి మొదటిసారి వెళ్తున్నాం, ఏమేం తెలుసుకోవాలి?

అందరికీ వందనాలు. మాది మెదక్ దగ్గర పల్లె, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మావారి ఉద్యోగం వల్ల ఈమధ్యే ఒహాయోలో ఒక చిన్న ఊరికి వచ్చాం. దగ్గర్లో తెలుగు చర్చి లేదు. పక్కింటి పెద్దావిడ తమ యునైటెడ్ మెథడిస్టు చర్చికి ఈ ఆదివారం రమ్మని పిలిచారు. బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడాదిన్నర. ఏం కట్టుకోవాలి, ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారంలో, చేయి వెయ్యనిస్తారా, కానుక ఎంత వెయ్యాలి? నాకు ఇంగ్లిషు అంతంత మాత్రమే. కాస్త టెన్షన్‌గా ఉంది.

*

చెల్లెమ్మా, వందనాలు. తప్పకుండా వెళ్లండి. మీకది పరాయి సంఘం కాదు. మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ దొరగారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ గుడి, 1947లో సీఎస్ఐ ఏర్పడ్డాక అందులో భాగమైంది. మీ తాతముత్తాతలు పాడిన పాటల్లో కొన్ని ఇక్కడ ఇంగ్లిషులో వినబడతాయి. రాగం వినగానే గుర్తుపడతారు.

ముందు టైమ్ సంగతి. పదిన్నరకి అంటే పదిన్నరకే మొదలవుతుంది, సుమారు గంటలో అయిపోతుంది. మన దగ్గరిలా రెండు మూడు గంటలు సాగదు. కొన్ని చర్చిల్లో ఆదివారం రెండు ఆరాధనలుంటాయి, ఒకటి ఆర్గన్‌తో పాత పద్ధతిలో, ఇంకొకటి గిటార్లూ డ్రమ్స్‌తో. మొదటిసారి పాత పద్ధతిదానికే వెళ్లండి, మీ సీఎస్ఐ క్రమానికి అదే దగ్గర. చెప్పులు విప్పక్కర్లేదు. ఆడవాళ్లు, మగవాళ్లు విడిగా కూర్చోరు. చీర కట్టుకున్నా, పంజాబీ డ్రెస్ వేసుకున్నా సరే, కొంగు నెత్తిన కప్పుకోవడం మీ ఇష్టం.

తలుపు దగ్గర చేతికి బులెటిన్, అంటే ఆ రోజు ఆరాధన క్రమం అచ్చేసిన కాగితం, ఇస్తారు. దాన్ని వదలకండి, మీ ఇంగ్లిషు బెంగ సగం అదే తీరుస్తుంది. లావు అక్షరాల్లో ఉన్నది సంఘమంతా కలిసి చదివేది, మామూలు అక్షరాల్లో ఉన్నది నాయకుడు చదివేది. పక్కన నక్షత్రం గుర్తుంటే లేచి నిలబడాలి, ఓపిక లేనివాళ్లు కూర్చునే ఉంటారు. పరలోక ప్రార్థన దగ్గరికొచ్చేసరికి మీకు వచ్చిన తెలుగులోనే మెల్లగా చెప్పుకోండి. ఎవరూ వింతగా చూడరు.

మధ్యలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి కలగాలని, చెప్పుకుంటారు. చేయి కలిపితే చాలు, కౌగిలింతలు ఇష్టం లేకపోతే చేయి ముందుగా చాపండి. బెంచీ చివర ఒక చిన్న ఫోల్డర్ ఉంటే అందులో పేరు రాసి పక్కవాళ్లకి అందించండి, ఫోన్ నంబరు రాయక్కర్లేదు. అది తిరిగి వచ్చేటప్పుడు పక్కవాళ్లు మీ పేరు చదువుకుని, చివర్లో పేరుపెట్టి పలకరిస్తారు.

కానుక పళ్లెం వస్తుంది. కొత్తవాళ్లు వెయ్యాలని ఎవరూ అనుకోరు, అలాగే పక్కకి అందించేయండి. చాలామంది ఇప్పుడు ఫోన్‌లోనే ఇచ్చేస్తున్నారు కాబట్టి ఉత్తి పళ్లెం దాటించేది మీరొక్కరే కారు.

ఇక మీరడిగిన ప్రభువు బల్ల. చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం ఇస్తారు. మెథడిస్టుల బల్ల అందరికీ తెరిచిన బల్ల. సభ్యత్వం, కన్ఫర్మేషన్ (బాప్తిస్మం తర్వాత విశ్వాసాన్ని సంఘం ముందు స్థిరపరచుకోవడం) అంటూ ఏదీ అడగరు. చిన్నపిల్లలకి కూడా ఇస్తారు. ఊళ్లో బల్లకి ముందు పేర్లు చూసి పిలిచే పద్ధతి అలవాటైనవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది, కానీ నాకు ఈ సంఘంలో అన్నిటికంటే నచ్చింది ఇదే. వరుసలో ముందుకెళ్లి రెండు చేతులూ దోసిలిపట్టండి. పాస్టర్ రొట్టె తుంచి అందులో పెడతారు. ఆ ముక్క కొస గిన్నెలో అద్దుకుని తినేసి, ఆమెన్ అని పక్క దారిన వచ్చేయండి. కొన్నిచోట్ల చిన్న చిన్న కప్పుల్లో ఇస్తారు. అందులో ఉండేది వైన్ కాదు, ద్రాక్షరసం. పులియకుండా నిలవుండే ద్రాక్షరసాన్ని 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు బల్ల కోసమే తయారుచేశారు. షాపుల్లో కనబడే వెల్చ్ సీసా కథ అదే. వెళ్లాలనిపించకపోతే కూర్చునే ఉండండి, పక్కవాళ్లు దాటి వెళ్తారు.

బాప్తిస్మం మళ్లీ తీసుకోమంటారేమోనన్న భయం మన చాలామందిలో ఉంటుంది. వీళ్లు అడగరు. పసితనంలో మీకిచ్చిన బాప్తిస్మం ఇక్కడ పూర్తిగా చెల్లుతుంది.

పాస్టర్ ఆడమనిషి అయితే ఆశ్చర్యపోకండి. 1956 నుంచి ఇక్కడ స్త్రీలకి పాస్టర్లుగా పూర్తి హక్కులున్నాయి. మన నంద్యాల డయాసిస్‌లో (బిషప్ పరిధిలోని ప్రాంతంలో) పుష్ప లలితగారు 2013లో సీఎస్ఐ మొదటి మహిళా బిషప్ అయ్యారు కదా, మీకది మరీ కొత్త కాదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. చిన్న సంఘాల్లో ప్రార్థన మనవుల కోసం మైకు తిప్పుతారు. ఆపరేషన్లు, పుట్టినరోజులు, పోయినవాళ్ల పేర్లు, అన్నీ చెప్పుకుంటారు. అదంతా చాలాచోట్ల యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంటుంది. వీసా గొడవలు, ఉద్యోగం సంగతులు, ఇంటి బాధలు మైకులో చెప్పకండి. ఆరాధన అయ్యాక పాస్టర్‌ని పక్కకి పిలిచి చెప్పండి, ఆవిడో ఆయనో అక్కడే ప్రార్థన చేస్తారు.

అన్నిటికంటే ముఖ్యం, అయిపోగానే కారు దగ్గరికి పరిగెత్తకండి. కాఫీకి ఉండండి. ఆరాధనలో ఎవరూ మాట్లాడుకోరు, పరిచయాలన్నీ ఆ కాఫీ దగ్గరే. చలికాలంలో మంచు ముంచెత్తినప్పుడు మీ వాకిలి ఊడ్చిపెట్టేది, పిల్లాడికి జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది అక్కడ కలిసిన మనుషులే.

*

పిల్లల గురించి నేనొక మాట చెప్తా అక్కా. పాపని నర్సరీలో, అంటే చర్చిలోనే పసిపిల్లల్ని చూసుకునే గదిలో, దింపవచ్చు, అక్కడ కనీసం ఇద్దరు పెద్దవాళ్లుంటారు. దింపడం ఇష్టం లేకపోతే ఒళ్లోనే కూర్చోబెట్టుకోండి, ఏడ్చినా ఎవరూ విసుక్కోరు. మధ్యలో పాస్టర్ పిల్లల్ని ముందు మెట్ల మీదికి పిలిచి రెండు మాటలు చెప్తారు. బాబు ఒక్కడే వెళ్లనంటే మీరూ వెళ్లి పక్కన కూర్చోండి, అమ్మలు చాలామంది అలాగే కూర్చుంటారు.

బోర్డు మీద పేరు కూడా చూసుకోండి. 2019 నుంచి 2023 మధ్య అమెరికాలో యునైటెడ్ మెథడిస్టు సంఘం నుంచి నాలుగింట ఒక వంతు చర్చిలు విడిపోయాయి, కొన్ని గ్లోబల్ మెథడిస్టు అనే వేరే సంఘంలో చేరాయి. ఆరాధన క్రమం దాదాపు ఒకటే. గొడవ దేని మీదో మొదటిరోజే అడగకండి, చాలామందికి ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

*

ఇద్దరికీ చాలా థాంక్స్ అక్కా. మనసు తేలికపడింది. ఒక్కటే సందేహం, కాఫీకి ఏమైనా వండి తీసుకెళ్లాలా?

*

మొదటిసారి వద్దు చెల్లెమ్మా, ఖాళీ చేతుల్తోనే వెళ్లండి. బులెటిన్‌లో పాట్‌లక్ (అందరూ తలా ఒక వంటకం తెచ్చే భోజనం) అని కనిపించిన వారం పులిహోర తీసుకెళ్లండి, కారం తగ్గించి. పల్లీలున్నాయని ఒక చీటీ మీద పెద్ద అక్షరాల్లో రాసి గిన్నె ముందు పెట్టండి, ఇక్కడ పల్లీ ఎలర్జీ ఉన్న పిల్లలు చాలామంది.