మైసెన్ పళ్ళెం మీద ఈగకి నీడ ఎందుకు?

ప్రశ్న:
1740ల నాటి మైసెన్ (జర్మనీలో పింగాణీకి పేరుపడ్డ ఊరు) పింగాణీ పళ్ళెం ఫొటో ఒకటి పెద్దది చేసి చూస్తున్నాను. మధ్యలో పూలగుత్తి ఉంది, బానే ఉంది, కానీ అంచు దగ్గర ఒంటరిగా ఒక ఈగ, దాని కాళ్ల కింద సన్నగా బూడిదరంగు నీడ కూడానూ! తినే పళ్ళెంలో ఈగ బొమ్మ ఎందుకు వేసినట్టు? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1:
మచ్చ కప్పడానికండీ. గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత) వేసి దాదాపు 1400 డిగ్రీల్లో కాల్చాక నల్లటి చుక్కో, చిన్న బుడగో తేలితే ఇక చేసేదేం లేదు. ఎనామెల్ రంగులు ఆ తర్వాతే, గ్లేజ్ పైన వేస్తారు కాబట్టి లోపం ఉన్నచోట ఒక పురుగో, ఆకో వేసేసేవారు.

జవాబు 2:
మచ్చ సంగతి నిజమే గానీ నీడకి ఆ కారణం సరిపోదు, ఉత్త మచ్చ కప్పడానికైతే ఆ చుక్కకి రెక్కలు తగిలిస్తే చాలు కదా. మైసెన్‌లో మొదట్లో చైనా, జపాన్ తరహా ఊహాపుష్పాలే వేసేవారు. 1730ల నుంచి యూరప్ పూలు, వృక్షశాస్త్ర పుస్తకాల్లోని అచ్చు బొమ్మలు చూసి వెయ్యడం మొదలుపెట్టారు. యోహాన్ గాట్‌ఫ్రీడ్ క్లింగర్ అనే చిత్రకారుడి పేరు మీద చెప్పుకునే పద్ధతిలో పువ్వుకీ పురుగుకీ నీడ పడుతుంది. తెల్లటి పింగాణీ అప్పుడు బొమ్మకి నేపథ్యం కాదు, అవి వాలిన నేల. నాకు ఆ కాలపు పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

జవాబు 3:
కోపెన్‌హాగన్‌లో 1790లో మొదలైన ఫ్లోరా డానికా అనే పింగాణీ భోజన పాత్రల సెట్ కూడా చూడండి, యోహాన్ క్రిస్టఫ్ బేయర్ అనే చిత్రకారుడు 1802 దాకా వాటి మీద బొమ్మలు వేశారు. డెన్మార్క్ మొక్కల గ్రంథంలోని బొమ్మల్ని వేళ్ళతో సహా పళ్ళేల మీదికి ఎక్కించారు, పళ్ళెం వెనక లాటిన్ పేరు రాశారు. ఇంకో మాట, బంగారంతో చేసే గులాబీ రంగు పూసేటప్పుడు మసకగా ఉంటుంది, బట్టీలో కాల్చాకే అసలు రంగు తేలుతుంది. అంటే కళ్ళెదుట లేని రంగుని మనసులో పెట్టుకుని రేకు రేకూ వెయ్యాలి, ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండీ. మళ్ళీ చూశాను. ఈగ నీడ, గుత్తిలోని గులాబీ పువ్వు నీడ ఒకే వైపు పడ్డాయి. ఈగ పొట్ట దగ్గర గ్లేజ్ కాస్త ఉబ్బి ఉంది.