కిత్నే కా, కిత్నే కీ, కైసే దియే: హిందీలో ధర అడగడం

ప్రశ్న: నమస్కారం. ఉద్యోగరీత్యా ఈ మధ్యే దిల్లీ వచ్చాం. ఆఫీసు వరకు నా హిందీ సరిపోతోంది కానీ కూరగాయల బండి దగ్గర నిలబడితే నోరు పెగలడం లేదు. నేను ‘యే కిత్నా హై’ అని అడుగుతున్నాను. పక్కనున్నవాళ్లు ఒకరు ‘కైసే దియే’ అంటారు, ఒకరు ‘క్యా భావ్’ అంటారు, బట్టల దుకాణంలో ‘కిత్నే కీ’ అంటారు. వీటిలో ఏది సరైనది? ‘కైసే’ అంటే ‘ఎలా’ కదా, ధరకూ దానికీ సంబంధం ఏమిటి? మా అమ్మ అయితే చీరల దుకాణంలో ‘ఇస్కా ఖరీద్ క్యా హై’ అని అడిగింది. దుకాణదారు కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు.

జవాబు: అన్నీ సరైనవే, ఒక్క మీ అమ్మగారి ప్రశ్న తప్ప. ముందు దాని సంగతి చూద్దాం, ఎందుకంటే ఆవిడ తెలుగులోనే ఆలోచించి అడిగారు. ఖరీదు మనకు ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన మాట. అక్కడ దాని అర్థం కొనడం, కొనుగోలు. ఖరీద్‌నా అంటే కొనడం, ఖరీద్‌దార్ అంటే కొనేవాడు. మన దగ్గరికి వచ్చాక కొనడాన్ని వదిలేసి, కొనడానికి పెట్టే డబ్బు మీద స్థిరపడింది. అందుకని ఆ దుకాణదారు చెవికి ఆవిడ ప్రశ్న ‘దీని కొనుగోలు ఏమిటి’ అన్నట్టు వినిపించి ఉంటుంది. నువ్వెంతకు కొన్నావో లెక్క చెప్పు అని నిలదీసినట్టు అనిపించినా ఆశ్చర్యం లేదు! ధర అనాల్సిన చోట హిందీలో దామ్ అనో కీమత్ అనో అంటారు. కీమత్ మనకూ కొత్త కాదు, పాత దస్తావేజుల్లో కనిపించే కిమ్మతు అదే. ఇక భావ్ అంటే మార్కెట్ ధర, రోజుకోలా మారేది. బంగారానికి, బంగాళాదుంపకు భావ్ ఉంటుంది. కుట్టిన చొక్కాకు ఉండదు, దానికి దామే. సంసారం మీద పడ్డాక గానీ కష్టం తెలియదు అనడానికి ‘ఆటే దాల్ కా భావ్ మాలూమ్ హోగా’ అంటారు. పిండి, పప్పు ధరలు తెలిసొస్తాయని.

‘కైసే’ దగ్గర ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. మన సంతలో ‘వంకాయలు ఎలా ఇస్తున్నావమ్మా?’ అని అడగరా? ఎలా ఇవ్వడమేమిటి, తట్టతోనా చేత్తోనా అని అమ్మే ఆవిడ ఎప్పుడైనా ఎదురు అడిగిందా? ‘టమాటర్ కైసే దియే?’ అన్నది అచ్చంగా అదే ప్రశ్న. ఇంకా కుదించి ‘సేబ్ కైసే కిలో?’, ‘కేలే కైసే దర్జన్?’ అని కూడా అంటారు. మనకు పుట్టుకతో ఉన్న నుడికారాన్ని పక్కన పెట్టి, పాఠ్యపుస్తకం వాక్యం కోసం వెతుక్కోవడం వల్లనే బండి దగ్గర నోరు పెగలదు.

పైగా ‘కైసే దియే’లో కొత్తవారికి ఒక సౌకర్యం ఉంది. ‘ఆప్’ (మీరు) అనాలా ‘తుమ్’ (నువ్వు) అనాలా అన్న బెంగ ఉండదు. ‘కైసే దోగే’ అంటే తుమ్, ‘కైసే దేంగే’ అంటే ఆప్. బండి అబ్బాయి వయసు చూసి తేల్చుకోవాలి. ‘దియే’ అని భూతకాలంలో అంటే క్రియ ఇచ్చిన మనిషిని పట్టించుకోదు, ఇచ్చిన వస్తువుతో నడుస్తుంది. టమాటాలు పుంలింగ బహువచనం కాబట్టి ‘దియే’. బెండకాయ స్త్రీలింగం కాబట్టి ‘భిండీ కైసే దీ?’. మర్యాద సంగతి చివర్లో ‘భయ్యా’ చూసుకుంటుంది. బదులుగా కూరగాయల లింగాలు నేర్చుకోవాలి అంటారా, అది నిజమే. తప్పినా ఎవరూ కూర మానేయరు.

మీ ‘యే కిత్నా హై’ కూడా పనికిరానిదేమీ కాదు, అందరికీ అర్థమవుతుంది. కానీ తక్కెడలో సరుకు ఉన్నప్పుడు అలా అడిగితే ‘ఆధా కిలో’ అన్న జవాబు రావచ్చు. మీరు అడిగింది ఎంత ఉందని కదా మరి. ధర కోసమైతే ‘కిత్నే కా’ అనాలి. వెనక ‘కా’ వచ్చింది కాబట్టి కిత్నా కాస్తా కిత్నే అవుతుంది. ఈ కా, కీ, కేల గొడవ తెలుగువాళ్లకు కొరుకుడు పడదంటారు గానీ, దాన్ని పట్టించే సామెత మన నోళ్లలోనే ఉంది. ‘చారాణా కోడికి బారాణా మసాలా’ అంటాం కదా. దాని హిందీ రూపం ‘చార్ ఆనే కీ ముర్గీ, బారహ్ ఆనే కా మసాలా’. ముర్గీ స్త్రీలింగం, అందుకని నాలుగణాల వెనక ‘కీ’ వచ్చింది. మసాలా పుంలింగం, పన్నెండణాల వెనక ‘కా’ వచ్చింది. ఇప్పుడు అణాలు తీసేసి ఆ చోట ‘కిత్నే’ పెట్టండి. ముర్గీ కిత్నే కీ? మసాలా కిత్నే కా? సాడీ కిత్నే కీ? కుర్తా కిత్నే కా? జూతే (బూట్లు, బహువచనం) కిత్నే కే? మనం ‘ఐదు వందలది’, ‘వెయ్యిది’ అంటూ చివర్లో ‘ది’ తగిలించినట్టే వాళ్లు ‘పాంచ్ సౌ కీ’, ‘హజార్ కీ’ అంటారు. అడిగిన కా, కీలే జవాబులోనూ తిరిగి వస్తాయి కాబట్టి, మీకు లింగం తెలియకపోతే దుకాణదారు జవాబే నేర్పుతుంది.

అన్నట్టు, రూపాయికి 16 అణాలుండే లెక్క 1957 ఏప్రిల్ 1న పోయింది, రూపాయికి వంద నయా పైసలొచ్చాయి. ఆ తర్వాత పావలా నాణెం కూడా 2011లో చెల్లకుండా పోయింది. చారాణా కోడి మాత్రం సామెతలో ఇంకా అదే ధరకు దొరుకుతోంది.

ఇంతవరకు చెప్పింది అడగడం గురించి. నన్నడిగితే ఇది సగం పని కూడా కాదు. అడగడానికి ఒక్క వాక్యం చాలు. ఆ తర్వాత అవతలివాడు చెప్పే అంకె అర్థం కావాలి, అసలు తంటా అక్కడ మొదలవుతుంది.

తెలుగులో ఇరవై వచ్చి, తొమ్మిది వరకు వస్తే ఇరవై తొమ్మిది వచ్చినట్టే. హిందీలో నూటి దాకా దాదాపు ప్రతి అంకెనూ విడిగా బట్టీ పట్టాలి. పచాస్ అంటే 50, పచాసీ అంటే 85. చివర ఒక్క దీర్ఘం వినిపించకపోతే ముప్పై అయిదు రూపాయల తేడా. పచ్చీస్ 25, పచ్‌పన్ 55, పచ్‌హత్తర్ 75, పచానవే 95. బజారు రొదలో ఈ ఆరింటిలో ఏదన్నాడో పట్టుకోవడం చెవులకు పరీక్షే. దుకాణాలకు ప్రీతిపాత్రమైన తొమ్మిదితో ముగిసే ధరలు మరీ చిక్కు. 39 అంటే తీస్ (30) తర్వాత ఏదో వస్తుందని ఎదురు చూస్తాం, వాళ్లు ‘ఉన్‌తాలీస్’ అంటారు, అంటే చాలీస్‌కు (40కి) ఒకటి తక్కువ. ఉన్‌చాస్ 49, ఉన్‌సఠ్ 59, ఉన్‌హత్తర్ 69, ఉన్నాసీ 79. ఈ ‘ఉన్’ సంస్కృతంలోని ‘ఊన’, తక్కువైనది అని. ఏకోనవింశతి అంటే పంతొమ్మిది అయినట్టే. ఇంగ్లీషు మీడియంలో చదివిన హిందీ పిల్లలే ఉన్‌సఠ్, ఉన్‌హత్తర్ దగ్గర తడబడుతుంటారు. కాబట్టి అర్థం కాకపోతే ఆ అంకెను ఇంగ్లీషులో చెప్పమనడానికి మొహమాటపడకండి.

వంద దాటాక ఇంకో లెక్క ఉంది. మనం కింది నుంచి పైకి లెక్కపెడతాం: ఒకటింబావు, ఒకటిన్నర, ఒకటిముప్పావు. వాళ్లకు వీటిలో ఒక్కోదానికి ఒక్కో దారి. ఒకటింబావు సవా, ఒకటిన్నర డేఢ్, ఒకటిముప్పావు మాత్రం ‘పౌనే దో’, అంటే రెండుకు పావు తక్కువ. గడియారం దగ్గర మనమూ ‘పావు తక్కువ తొమ్మిది’ అంటాం కదా, దాన్నే డబ్బుకూ వాడతారు. రెండున్నర ఢాయీ. మూడున్నర నుంచి సాఢే తీన్, సాఢే చార్. సాఢే ఏక్, సాఢే దో అనే మాటలు లేవు, అంటే నవ్వుతారు.

ఇప్పుడు బజారుకు వద్దాం. దుకాణదారు ‘సవా సౌ’ అంటాడు. తెలుగు చెవికి ‘సౌ’ ఒక్కటే పడుతుంది, వంద తీసి ఇస్తాం. వాడు ఇంకా చెయ్యి చాపే ఉంటాడు, ఎందుకంటే అది 125. ‘సాఢే తీన్ సౌ’ అంటే మూడు వందలు ఇస్తాం, అది 350. ‘పౌనే దో సౌ’ అంటే రెండు వందలు ఇచ్చి, పాతిక తిరిగిస్తుంటే ఎందుకిస్తున్నాడా అని చూస్తాం, అది 175. ఒక్క ముక్కలో పెట్టుకోండి: సవా, సాఢే వినిపిస్తే చెవిన పడిన అంకె కన్నా ఎక్కువ, పౌనే వినిపిస్తే తక్కువ. డేఢ్ సౌ 150, ఢాయీ సౌ 250. సవా మనకు బొత్తిగా తెలియనిదీ కాదు. ‘సవాలక్ష కారణాలు’ అంటాం. లెక్క ప్రకారం చూస్తే అవి లక్షా పాతిక వేల కారణాలు.

చివరగా పావ్. మన పావుకిలోనే, 250 గ్రాములు. దిల్లీ బండ్ల మీద అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, పుట్టగొడుగుల వంటివాటికి ధర తరచుగా పావ్‌కే చెబుతారు. ‘తీస్ రుపయే పావ్’ అన్నప్పుడు తీస్ మాత్రమే విని చవకేనని కిలో తూచమన్నారో, 120 చెల్లించాలి.

హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఒకరు: బాగా చెప్పారు గానీ ఇదంతా దిల్లీ హిందీ. మా దగ్గర ‘కిత్నే కు దియే’ అంటాం. ఈ ‘కు’ తెలుగు ‘ఎంతకు ఇచ్చారు’లోని ‘కు’ కాదా? చారాణా, బారాణా కూడా మా దక్కనీ ఉర్దూ నుంచే తెలుగులోకి వచ్చాయి, దిల్లీ నుంచి కాదు.

జవాబు: చారాణా సంగతి ఒప్పుకుంటున్నాను, ఆ రెండు మాటలూ మనకు హైదరాబాద్ మీదుగా వచ్చినవే. ‘కు’ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. దక్కనీ ‘కు’ హిందీ ‘కో’కు సోదరే. తెలుగు ‘కు’ ద్రావిడ కుటుంబానిది, తమిళ కన్నడాల్లోనూ ఉంది. పుట్టుకలు వేరైనా శతాబ్దాలుగా ఒకే బజారులో తిరిగాయి కాబట్టి ఒకే పని చేస్తున్నాయి. ముంబయిలో కూడా ‘కిత్నే కో దియా’ అంటారు. హైదరాబాద్ నుంచి దిల్లీ వెళ్లినవారు ‘కిత్నే కు’ అంటే అక్కడ అర్థమవుతుంది, మీది ఏ ఊరో కూడా అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషం. మరి బేరం? ‘కమ్ కరో’ అంటే కసిరినట్టు ఉంటుందేమోనని అనుమానం.

జవాబు: ‘థోడా కమ్ కరో భయ్యా’ అంటే కసిరినట్టేమీ కాదు. అయినా బేరానికి అసలైన క్రియ ‘లగానా’. ‘మీకు వందకు వేస్తాను’ అని మన దుకాణదారు అంటాడే, ఆ వేయడం ఇదే. ‘ఠీక్ ఠీక్ లగా లో’ అంటే సరిగ్గా వేసుకోమని. ‘ఆప్ కే లియే సౌ లగా దూంగా’ అంటే మీకని వందకు వేస్తానని. ‘కిత్నే మేం దోగే?’ కూడా బేరం మాటే, మన ‘ఎంతకిస్తావు?’ లాగా. ధర చెప్పకముందే దాన్ని వాడితే చెప్పే ధర కాస్త పెంచే చెబుతాడు, బేరం ఎలాగూ ఉందని తెలిసిపోతుంది కాబట్టి. పొద్దున్నే వెళ్తే ‘బోహనీ కా టైమ్ హై’ అంటాడు. అది మన బోణీయే. ఆ వేళ వాడు ఒక మెట్టు దిగుతాడు, మీరూ ఉత్త చేతులతో వెళ్లిపోతే బాగుండదు.

దామ్ గురించి ఒక ముక్క మిగిలింది. గ్రీకుల ద్రాఖ్మా అనే నాణెం పేరు సంస్కృతంలో ద్రమ్మ అయి, తర్వాత దామ్ అయింది. అక్బర్ కాలంలో రూపాయికి 40 రాగి దాములు. మనం చతురుపాయాలను సామ, దాన, భేద, దండాలంటాం. హిందీవాళ్ల వాడుకలో అవి ‘సామ్, దామ్, దండ్, భేద్’. దానం పోయి ధర వచ్చి కూర్చుంది. శాస్త్రం ప్రకారం మనదే సరైనది. బజారు ప్రకారం వాళ్లదే నయం అని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అంతా కొన్నాక మొత్తం ఎంతని అడగడానికి?

జవాబు: ‘కిత్నే హుయే?’ మన ‘ఎంతయింది?’ అంతే. దానికి ‘నవాసీ’ అంటే 89 ఇవ్వండి. ఆ చోట ఉన్ పద్ధతి తప్పుతుంది. 99కీ అంతే, ‘నిన్యానవే’.