నొప్పిని 'యాక్సెప్ట్' చేయమని మన పేషెంట్లకు తెలుగులో ఎట్లా చెప్పాలి?

పొగతోట_ఫిజియో (ప్రశ్న)

నమస్తే అందరికీ. నెల్లూరు పొగతోటలో ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుని. పదకొండేళ్ళుగా ఇదే పని. నడుం నొప్పితో వచ్చేవాళ్ళలో కొందరికి ఎంఆర్‌ఐలో చెప్పుకోదగ్గదేమీ ఉండదు. కాళ్ళలో బలం తగ్గలేదు, మూత్రం మీద పట్టు పోలేదు, ఆపరేషన్ అక్కర్లేదని డాక్టర్లు తేల్చేసి ఉంటారు. అయినా నొప్పి ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటుంది. ఆ కొందరి దగ్గరే నాకు చెయ్యాడదు.

వాళ్ళ కోసమే ఏసీటీ గురించి చదవడం మొదలుపెట్టాను. యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ. నొప్పి పోయాక బతుకుదాం అని ఆగకుండా, నొప్పి ఉండగానే తనకు ముఖ్యమైన పనుల వైపు మనిషి కదలగలగాలి అంటుంది. ఆ శక్తికి సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీ అని పేరు. ఇంగ్లీషులో చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండింది. పోయిన నెల తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి నోరు పెగల్లేదు.

ఆమె బుచ్చిరెడ్డిపాళెం నుంచి వస్తుంది. 46 ఏళ్ళు. ఇరవై రెండేళ్ళుగా మిషన్ కుడుతోంది, జాకెట్లు, పిల్లల పరికిణీలు. ఏడేళ్ళ నొప్పి. కాస్త తెరిపిచ్చిన రోజున, మళ్ళీ ఈ రోజు దొరుకుతుందో లేదోనని, ఒప్పుకున్న జాకెట్లన్నీ ఒకే బిగిన కుట్టేస్తుంది. తర్వాత మూడు రోజులు మంచం. పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. ఇంట్లో 'దండగ మనిషి' అనే మాట పడుతోంది. నాకు చెప్పేటప్పుడు ఆ మాట తనే తన గురించి అనుకుంటున్నట్టు చెప్పింది.

"నొప్పిని అంగీకరించాలమ్మా" అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి, "ఇంక తగ్గదని చెప్పేదానికి ఇంత సుట్టు ఎందుకు మేడం? నొప్పితో కాపరం చెయ్యమంటుండావు, అంతే గదా?" అనింది. ఆ పూట ఎక్సర్‌సైజులు చేయకుండానే బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు, నేను వాడిన మాటే తప్పు. రెండు సంగతులు అడుగుతున్నాను. ఒకటి, దీనికి సరైన తెలుగు మాట ఏది? రెండు, దీని వెనక పరిశోధన నిజంగా గట్టిదేనా? గట్టిది కాకపోతే ఆమెకు ఇంకో ఆశ పెట్టే హక్కు నాకు లేదు.

ఒంగోలు_మాస్టారు

అమ్మా, నేను తెలుగు పండితుడిగా ముప్పైమూడేళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. నాది నడుం కాదు, చెవి. తొమ్మిదేళ్ళుగా ఎడమ చెవిలో కీచురాళ్ళ రొద. ప్రమాదమేమీ లేదు, పూర్తిగా పోయే మందూ లేదు అన్నారు. మొదటి నాలుగేళ్ళు నా పనంతా ఆ రొదతో యుద్ధమే. రాత్రిళ్ళు చెవి పక్కనే టేబుల్ ఫ్యాను. పొద్దున లేవగానే మొదట చేసే పని, ఉందా పోయిందా అని విని చూడటం. వింటే ఎందుకుండదు? శనివారం సాయంత్రాలు నలుగురం కూర్చుని పద్యాలు చదువుకునేవాళ్ళం. ఫ్యాను లేని చోట రొద ఎక్కువగా తెలుస్తుందని అదీ మానేశాను.

మా అమ్మాయి పట్టుబట్టి వీడియో కాల్‌లో ఒక సైకాలజిస్టుతో మాట్లాడించింది. ఆయన రొద గురించి అడగడానికి ముందు, "ఇది లేకపోయుంటే ఈ నాలుగేళ్ళూ మీరేం చేసుండేవారు?" అన్నాడు. రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు. మూడో రోజు పద్యాల గుంపుకు ఫోన్ చేశాను. రొద ఇప్పటికీ ఉంది, ఇది టైపు చేస్తుంటే కూడా ఉంది. శనివారాలు మాత్రం తిరిగొచ్చాయి.

ఇక మాట సంగతి. అంగీకారం అంటే స్టాంపు కాగితం మీద సంతకంలా ఉంటుంది. రాజీ ఓడినవాడి మాట. భరించడం అంటే పళ్ళు బిగించడం, అందులో యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. ఓర్పు దగ్గరికొస్తుంది గాని, ఓర్చుకుంటే పోతుందన్న బేరం దాని అడుగున ఉంటుంది. నాకు బాగా కుదిరిన మాట 'సర్దుకోవడం'. కందుకూరు బస్సులో ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి నాలుగో మనిషి వచ్చి "కాస్త సర్దుకోండి" అంటే జరుగుతాం. అతను నచ్చి కాదు. అతనితో గొడవపడుతూ కూర్చుంటే కిటికీలోంచి చూడటానికి ఏమీ మిగలదు. దిగాల్సిన ఊళ్ళో దిగుతాం, అతనున్నా లేకపోయినా.

అల్లూరు_కోడలు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, ఆ మాట మాత్రం వద్దు.

మా ఇంట్లో రొయ్యల గుంటలు. రెండు పంటలు వరసగా వైట్ స్పాట్ రోగం వచ్చి పోయాక మా ఆయన తాగడం, కొట్టడం మొదలుపెట్టాడు. నాకు మొదటి మూడేళ్ళు అందరూ చెప్పింది ఒకే మాట, 'సర్దుకుపో'. అమ్మ చెప్పింది, అత్త చెప్పింది. ధైర్యం చేసి ఒక కౌన్సిలర్ దగ్గరికి పోతే అక్కడా అదే మాట ఇంగ్లీషులో చెప్పారు. యాక్సెప్ట్ చేసుకోండి, మీ ఆలోచన మార్చుకోండి, ఇల్లు చక్కబడుతుంది అని. పేరు వద్దులెండి. ఫీజు కట్టి ఇంటికొచ్చి ఏడ్చాను.

తర్వాత వేరే ఆవిడ దగ్గర తెలిసింది, ఇందులో ఒప్పుకోమనేది మన లోపల లేచేవాటిని మాత్రమేనని. భయం, గుండె దడ, 'నలుగురూ ఏమనుకుంటారో' అనే ఊహ. బయట జరిగే అన్యాయాన్ని కాదు. భయం పోయాక మా అన్నకు చెబుదామని మూడేళ్ళు ఆగాను. ఆ వారం చేతులు వణుకుతుండగానే ఫోన్ చేశాను. భయం తగ్గి చేయలేదు. అది అట్లా ఉండగానే చేశాను.

మేడం, మీ పేషెంటుకు కూడా ఇంట్లో 'దండగ మనిషి' అంటున్నారని రాశారు. ఆ మాటను ఆమె ఒప్పుకోనక్కర్లేదు. దయచేసి ఆ తేడా ముందే చెప్పండి.

ఒంగోలు_మాస్టారు

తల్లీ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను దాన్ని ఎప్పుడూ బస్సులోనే విన్నాను. ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. మీకు చెప్పారు. ముప్పైమూడేళ్ళు మాటలకు అర్థాలు చెప్పినవాణ్ణి, ఎవరు ఎవరితో అంటున్నారో కూడా అర్థంలో భాగమేనని ఈ రోజు మీ దగ్గర నేర్చుకున్నాను.

'చోటివ్వడం' అంటే ఎట్లా ఉంటుంది? చోటిచ్చేవాడికి ఇల్లు తనదే అన్న గౌరవం అందులో మిగిలి ఉంది.

కావలి_పరిశోధన

సొంతూరు కావలి. సైకాలజీలో పరిశోధన చేస్తున్నాను. రెండో ప్రశ్నకు జవాబు రాస్తాను, మొదటిది ఇక్కడున్న ఇద్దరూ నాకంటే బాగా చెప్పారు.

ఈ పద్ధతికి మూలపురుషుడు స్టీవెన్ హేస్. 1970ల చివర్లో తనకే పానిక్ అటాక్‌లు వచ్చి, వాటితో పోరాడిన కొద్దీ పెరగడం చూసిన మనిషి. 1999లో కిర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్‌లతో కలిసి ఈ చికిత్సను పుస్తకంగా తెచ్చాడు.

ముందు మీకు పనికొచ్చేది చెబుతాను. దీర్ఘకాల నొప్పి మీద జరిగిన 11 ట్రయల్స్‌ను, అంటే 863 మందిని, కలిపి చూసిన విశ్లేషణ 2017లో వచ్చింది. నొప్పి తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పికి చోటివ్వడంలోనూ ఫ్లెక్సిబిలిటీలోనూ మధ్యస్థం నుంచి పెద్ద మార్పు. రోజువారీ పనులు, ఆందోళన, దిగులు కొంతవరకు మెరుగుపడ్డాయి. కాబట్టి మీ పేషెంటుకు 'నొప్పి తగ్గుతుంది' అని మాటివ్వకండి. 'మిషన్ మీద మళ్ళీ కూర్చోగలిగే అవకాశం ఉంది' అనండి. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కారణం విడిగా దొరకని దీర్ఘకాల నొప్పికి ఏసీటీని గాని సీబీటీని (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచనల మీదా అలవాట్ల మీదా పనిచేసే పాత చికిత్స) గాని పరిశీలించమని రాశారు.

'గాని' అన్న మాట గమనించండి. వేర్వేరు మానసిక, శారీరక సమస్యల మీద 39 ట్రయల్స్, 1,821 మందితో 2015లో వచ్చిన విశ్లేషణలో, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళ కంటే, మామూలు చికిత్స పొందినవాళ్ళ కంటే ఏసీటీ మెరుగ్గా ఉంది. సీబీటీ లాంటి స్థిరపడిన చికిత్సల పక్కన పెడితే గుర్తించదగ్గ తేడా లేదు. స్వీడన్‌కు చెందిన లార్స్ యోరాన్ ఎస్ట్ 2014లో 60 ట్రయల్స్ పరిశీలించి, చాలావాటి నాణ్యత మీద గట్టి విమర్శ చేశాడు. ఇదేదో కొత్త దైవం దొరికినట్టు మాట్లాడే శిక్షకులు కనిపిస్తే దూరంగా ఉండండి. మంచి చికిత్సల్లో ఇదొకటి, అంతవరకే మనం చెప్పగలం.

నన్ను బాగా కదిలించిన అధ్యయనం మాత్రం 2002 నాటిది. మతిభ్రమ లక్షణాలతో ఆసుపత్రిలో చేరిన 80 మందిలో సగం మందికి మామూలు వైద్యంతో పాటు నాలుగంటే నాలుగు ఏసీటీ సెషన్లు ఇచ్చారు. తర్వాతి నాలుగు నెలల్లో మళ్ళీ ఆసుపత్రి పాలైనవాళ్ళు ఆ గుంపులో సగానికి సగం తక్కువ. విచిత్రం ఏమంటే, లక్షణాలు ఇంకా ఉన్నాయని ఎక్కువగా ఒప్పుకున్నది కూడా వీళ్ళే. గొంతులు వినిపిస్తున్నాయని దాచలేదు, కాని అవి చెప్పేదాన్ని నమ్మడం తగ్గింది. మాస్టారి చెవిలో రొద ఉండగానే శనివారాలు తిరిగొచ్చాయి కదా, నాకు అదే గుర్తొచ్చింది.

ఇక భాష. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏసీటీ ఆధారంగా సెల్ఫ్ హెల్ప్ ప్లస్ అని ఐదు సెషన్ల పాఠం తయారుచేసింది. రికార్డు చేసిన మాటలు, బొమ్మల పుస్తకం, ఒక్కోసారి 30 మంది దాకా కూర్చోవచ్చు, నడిపేవాళ్ళు నిపుణులు కానక్కర్లేదు. ఉగాండాలో తలదాచుకున్న దక్షిణ సూడాన్ మహిళల కోసం దాన్ని ముందు జుబా అరబిక్‌లోకి మార్చి చిన్న ఎత్తున చూసుకున్నారు. ఆ తర్వాతే 694 మందితో పెద్ద ట్రయల్ చేశారు. మూడు నెలల తర్వాత కూడా, ఈ పాఠం విన్నవాళ్ళలో మానసిక వేదన తగ్గి ఉంది. మీరు ఒక్క మాట కోసం పడుతున్న తిప్పలు ఆ పనిలో భాగమే, చాదస్తం అనుకోకండి.

ఒక హెచ్చరిక. ఫ్లెక్సిబిలిటీ కొలవడానికి అందరూ వాడే ఏడు ప్రశ్నల ఫారం, ఏఏక్యూ-2, సొంతంగా అనువదించి మార్కులు వేయకండి. అది ఫ్లెక్సిబిలిటీ కంటే మనిషి పడుతున్న బాధనే కొలుస్తోందని బలమైన విమర్శ ఉంది. నొప్పికి ప్రత్యేకంగా 20 ప్రశ్నల సీపీఏక్యూ అనే ఫారం ఉంది. నొప్పి ఉన్నా పనులు చేస్తున్నారా, నొప్పిని అదుపు చేయాలన్న పట్టుదల ఎంతుంది అని రెండు భాగాలు. మీ క్లినిక్‌కు మాత్రం అది కూడా అక్కర్లేదు. ఈ వారం ఏం మానేశారు, ఏం చేశారు అని నోటితో అడిగితే చాలు.

ఆమె మాటల్లో బతుకు మీద విరక్తి కనిపిస్తే మాత్రం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పొగతోట_ఫిజియో

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

నేనే ఫోన్ చేసి పిలిచాను. ముందు క్షమాపణ చెప్పాను. నొప్పి తగ్గిస్తానని మాటివ్వలేను, కాని నొప్పి వల్ల ఆగిపోయిన వాటిలో కొన్నయినా తిరిగి తెచ్చుకుందాం అన్నాను. అల్లూరు అక్క చెప్పినట్టు, ఇంట్లో వాళ్ళ మాటలు పడమని నేను చెప్పడం లేదని ముందే చెప్పాను. ఆమె అప్పుడు చీర కొంగుతో మొహం తుడుచుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

'చోటివ్వడం' పనిచేసింది, కాని నేననుకున్న దారిలో కాదు. "మా ఇంటికి ఆడబిడ్డ వస్తే నచ్చినా నచ్చకపోయినా ఒక చాప పరుస్తాం. బీరువా తాళాలు ఇయ్యం గదా మేడం" అనింది. నా కంటే ఆమెకే బాగా అర్థమైంది. ఇప్పుడు మేమిద్దరం నొప్పి గురించి మాట్లాడేటప్పుడు 'చాప', 'తాళాలు' అనే అంటున్నాం.

'దండగ' అనే మాట మీద ఒక పని చేశాం. ఒక మాటను అర నిమిషం గబగబా పైకి అంటూ పోతే దాని బరువు తగ్గుతుందని ఈ పద్ధతిలో ఉంది, మసుదా, హేస్ వాళ్ళు 2004లో ప్రయోగం చేసి చూశారు. దండగ దండగ దండగ అని ఇద్దరం కలిసి అన్నాం. ఇరవై సార్లయ్యాక 'గదం గదం' లాగా వినపడసాగింది. ఆమె ఆగి, "ఇది ఉత్త చప్పుడే" అనింది. కొంతసేపటికి ఏడ్చింది కూడా. నేను ఆపలేదు.

కుట్టుపనికి ఇప్పుడు ఫోన్‌లో అలారం. ఇరవై నిమిషాలు కాగానే, నొప్పి ఉన్నా లేకపోయినా, జాకెట్టు చెయ్యి సగమే కుట్టి ఉన్నా సరే, లేచి వాకిట్లోకి పోయి రావాలి. బాగున్న రోజున లేవడమే ఆమెకు కష్టంగా ఉంది. ఒకరోజు అలారం ఆపేసి రెండు గంటలు కుట్టి మళ్ళీ పడకేసింది. మర్నాడు నాకు తనే చెప్పింది. ఈ వారం రోజుకు ఒక జాకెట్టు చొప్పున అవుతోంది, మంచం పట్టిన రోజు ఒక్కటే. నొప్పి ఎంత అని అడిగితే, పదికి ఆరు అంది. మొదట్లోనూ ఆరే.

మాస్టారి సైకాలజిస్టు ప్రశ్న కూడా అడిగాను, ఇది లేకపోయుంటే ఏం చేసుండేవారు అని. వెంటనే చెప్పింది. ఐదేళ్ళుగా రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు పోలేదట. అంత జనంలో నిలబడలేనని ఇంట్లోనే ఉండి, తన కోసం ఆరోగ్య రొట్టె పట్టుకురమ్మని చెల్లెల్ని పంపుతోంది. "ఈసారి నేనే పోతా. స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె పట్టుకోవాల, మా పాప ఇంటర్‌కి వచ్చింది" అనింది.

గట్టు దగ్గర కాసేపు కూర్చోవడానికి మడత స్టూలు ఒకటి చూసిపెట్టమని అడిగింది. నెల్లూరులో తేలికపాటివి ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్ళు చెప్పండి.