పొలిటికల్ బ్లాగుల మీద రీసెర్చ్ పేపర్లు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: ఎంఏ జర్నలిజం డిసర్టేషన్‌కి అమెరికా రాజకీయ బ్లాగుల ప్రభావం తీసుకున్నానండి. గూగుల్‌లో వెతికితే బ్లాగులే వస్తున్నాయి తప్ప వాటి మీద పరిశోధన దొరకట్లేదు. వారంలో సినాప్సిస్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మామూలు గూగుల్ వదిలేసి, పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో చూడండి. ముందు లాడా ఆడమిక్, నటాలీ గ్లాన్స్ 2005లో రాసిన పేపర్ పట్టుకోండి. 2004 ఎన్నికల ముందు లిబరల్, కన్జర్వేటివ్ బ్లాగులు ఎవరికి లింకులిచ్చాయో లెక్కగట్టారు, చాలావరకు సొంత గూటి పక్షులకే! దాని కింద 'సైటెడ్ బై' నొక్కితే దాన్ని ఉదహరిస్తూ తర్వాత వచ్చినవన్నీ కనిపిస్తాయి.

ఇంకో జవాబు: అది లింకుల సంగతి, ప్రభావం వేరు. దానికి డానియల్ డ్రెజ్నర్, హెన్రీ ఫారెల్ చదవండి. బ్లాగులు చదివేవాళ్లు తక్కువే అయినా వాళ్లలో విలేకరులు ఉంటారు, బలమంతా అక్కడే అని వాళ్ల వాదన. 2002లో రిపబ్లికన్ సెనేటర్ ట్రెంట్ లాట్ ఉదంతం చూడండి, ఒకప్పుడు జాతి వివక్షను సమర్థిస్తూ అధ్యక్ష పదవికి పోటీచేసిన సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ పుట్టినరోజు సభలో, ఆ పోటీని మెచ్చుకుంటూ లాట్ అన్న మాటను పెద్ద మీడియా మొదట అంతగా పట్టించుకోలేదు, బ్లాగర్లు వదల్లేదు, చివరికి సెనేట్‌లో పార్టీ నాయకత్వం వదులుకోవాల్సొచ్చింది. అదంతా బ్లాగుల ఘనతేనని మాత్రం రాసేయకండి, వైవాలో పట్టుకుంటారు.

ప్రశ్న వేసినవారు: థాంక్సండీ. 'సైటెడ్ బై' నొక్కితే వేలల్లో వచ్చాయి, ఇప్పుడు అదో టెన్షన్!

జవాబు: ఆ పేజీలోనే, ఆ పేపర్‌ని ఉదహరించిన వాటిలో మాత్రమే వెతికే టిక్ ఉంటుంది, అది పెట్టి 'ఏజెండా సెట్టింగ్' (జనం ఏ విషయాల గురించి ఆలోచించాలో మీడియా నిర్ణయించడం) అని ఇంగ్లిష్‌లో కొట్టండి.