మందుల లెక్కల పరీక్షకు ఏం చదవాలి?

కొత్త స్టాఫ్ నర్స్:
అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి ఇరవై రోజులైంది. వచ్చే సోమవారం సర్జికల్ వార్డులో డ్యూటీ మొదలు. అంతకుముందు మందుల లెక్కల పరీక్ష పెడతారట. ఆరేళ్ల అనుభవం ఉంది, అయినా భయంగానే ఉంది. ఏం చదవాలో చెప్పండి.

ఐసీయూ అక్క:
చెల్లీ, లెక్కలు నువ్వు రోజూ చేసినవే. 75 మి.గ్రా. ఇమ్మన్నారు, ఆంపూల్‌లో 2 ఎంఎల్‌కి 100 మి.గ్రా. ఉంది, అంటే 1.5 ఎంఎల్. వెయ్యి ఎంఎల్ ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే గంటకు 125. ఎంఎల్‌కి 20 చుక్కల సెట్టయితే నిమిషానికి 42 చుక్కలు. అక్కడ తడబడవు. కొత్తవాళ్లు తడబడేది పేర్ల దగ్గర, యూనిట్ల దగ్గర.

పారాసిటమాల్‌ను కొన్ని దేశాల్లో ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ ఒకటే మందని తెలియక రెండూ ఇస్తే కాలేయం దెబ్బతింటుంది. సాల్బుటమాల్, ఆల్బుటెరాల్ ఒకటే. అడ్రినలిన్, ఎపినెఫ్రిన్ ఒకటే. పెథిడిన్, మెపెరిడిన్ కూడా అంతే. షుగర్ మనం మిల్లీగ్రాముల్లో చూస్తాం, చాలా చోట్ల మిల్లీమోల్స్‌లో రాస్తారు. ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. మిల్లీమోల్స్‌లో 4 కంటే తక్కువ కనిపిస్తే పేషెంటుకు షుగర్ పడిపోయినట్టే.

ఇన్సులిన్ రాసేటప్పుడు "యూనిట్లు" అని పూర్తిగా రాయి. "U" అని పొట్టి అక్షరం పెడితే సున్నాలా కనబడుతుంది, 4 యూనిట్లు 40 అయిపోతాయి. అరకు 0.5 అని రాయి, చుక్క ముందు సున్నా మర్చిపోకు. ఒకటికి 1.0 అని మాత్రం రాయొద్దు.

వార్డు సిస్టర్:
పరీక్ష సంగతి వదిలెయ్ అమ్మా, గట్టెక్కేస్తావు. రైల్స్ ట్యూబ్, అదే ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం గురించి నేను చెప్పేది విను. ఇక్కడ ఎన్‌జీ ట్యూబ్ అంటారు.

నేను చేరిన మూడో నెల, నైట్ డ్యూటీ. పక్షవాతం వచ్చిన పెద్దాయన. ట్యూబ్ సాయంత్రం షిఫ్టువాళ్లు వేశారు. హ్యాండోవర్‌లో "గాలి పంపి విన్నాం, శబ్దం వచ్చింది, ఫీడ్ మొదలుపెట్టు" అన్నారు. నేను ట్యూబ్‌లోంచి సిరంజితో ద్రవం లాగి, ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ పేపరు మీద వేస్తే 7 చూపించింది. 5.5 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే ఫీడ్ ఇవ్వాలి. ఎక్స్‌రే వాళ్లకు ఫోన్ చేస్తే పొద్దున్నే అన్నారు. ఇన్‌చార్జి వచ్చి "పేషెంటు ఆకలితో ఉన్నాడు, ఇవ్వు" అని మందలించింది. నేను ఇవ్వలేదు. టైము, పీహెచ్, ఎవరికి చెప్పానో, వాళ్లేమన్నారో అంతా నోట్స్‌లో రాశాను. పొద్దున ఎక్స్‌రేలో ట్యూబ్ కొస కుడి ఊపిరితిత్తిలో ఉంది.

అంతటితో అయిపోలేదు. వారం తర్వాత ఆఫీసువాళ్లు పిలిచి, ఫీడ్ ఎందుకు ఆలస్యం చేశావు, పైవాళ్ల మాట ఎందుకు వినలేదు అని సంజాయిషీ అడిగారు. మూడు వారాలు నిద్రపట్టలేదు. వీసా పోతుందేమోనని ఇంట్లో కూడా చెప్పలేదు. చివరికి ఆ నోట్స్ చూశాకే ఫైలు మూసేశారు. తప్పు మాదేనన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. అందుకే చెబుతున్నాను తల్లీ, రాయి. ఆ నిమిషంలోనే రాయి.

థియేటర్ అన్న:
సిస్టర్ గారూ, ఇరవై ఏళ్లుగా గాలి పంపే చూశాం, ఏమీ కాలేదు. పీహెచ్‌ను మాత్రం ఎలా నమ్ముతారు? ఎసిడిటీ తగ్గించే మందులు వాడేవాళ్లకు ట్యూబ్ కడుపులో ఉన్నా పీహెచ్ ఎక్కువే చూపిస్తుంది కదా.

వార్డు సిస్టర్:
అన్నా, ఆ ట్యూబ్ ఊపిరితిత్తిలో ఉన్నా, అన్నవాహికలో ఉన్నా ఆ గరగర శబ్దం పొట్ట మీద వినిపిస్తుంది. ఆ సాయంత్రం షిఫ్టువాళ్లు విన్నది అదే. పీహెచ్ ఎక్కువొస్తే ఎక్స్‌రే తీయించాలి. అంతేగాని ఫీడ్ ఇవ్వకూడదు.

స్టోమా నర్స్:
సర్జికల్ వార్డు అన్నావు కాబట్టి స్టోమా, అంటే పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి మలం బ్యాగులోకి వచ్చేలా చేసిన పేషెంట్లు తప్పకుండా వస్తారు. స్టోమా ఎర్రగా, తడిగా ఉండాలి. నల్లబడినా, ముదురు ఊదా రంగుకు తిరిగినా వెంటనే సర్జన్‌కు చెప్పు, రౌండ్స్ దాకా ఆగొద్దు. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యి. బరువెక్కితే అంటు ఊడి, కారి, చర్మం ఒరుస్తుంది. బ్యాగు రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా కత్తిరించు. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు స్టోమా చిన్నదవుతూ ఉంటుంది, కొలత మళ్లీ మళ్లీ తీయాలి.

ఇలియోస్టమీ (చిన్న పేగుతో చేసిన స్టోమా) అయితే మందుల మీద కన్నేసి ఉంచు. పేగుల్లో నెమ్మదిగా కరిగే మాత్రలు అలాగే బ్యాగులోకి వచ్చేస్తాయి. బ్యాగులో మాత్ర చూశానని పేషెంటు చెబితే తేలిగ్గా తీసుకోకు. అలాంటి మాత్రలను నూరి ట్యూబ్‌లో వేయడం కూడా తప్పే, మోతాదంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది.

థియేటర్ అన్న:
ఆక్సిజన్ గురించి ఎవరూ చెప్పలేదు. సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) పేషెంటుకు రెండు లీటర్లు దాటొద్దు, ఊపిరి ఆగిపోతుంది.

ఐసీయూ అక్క:
అన్నా, ఆ భయంతోనే ఆక్సిజన్ అందక నీలమైపోతున్న మనిషికి కూడా పెంచకుండా చూస్తూ నిలబడేవాళ్లను చూశాను. చూడాల్సింది లీటర్లు కాదు, శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉన్నవాళ్లకు 88 నుంచి 92, మిగతావాళ్లకు 94 నుంచి 98. శ్వాస ప్రేరణ తగ్గడం ఒక్కటే కారణం కాదు, గాలి సరిగా ఆడని భాగాలకు రక్తం మళ్లడం వల్లే ఎక్కువగా పేరుకుంటుంది.

చెల్లీ, మామూలు మాస్కు 5 లీటర్ల కంటే తక్కువలో పెట్టకు, వదిలిన గాలే మళ్లీ పీలుస్తారు. నాన్‌రీబ్రీదర్ (సంచి ఉన్న మాస్కు) అయితే 10 నుంచి 15 లీటర్లు పెట్టి, సంచి నిండాకే ముఖానికి తగిలించు.

థియేటర్ అన్న:
టార్గెట్ చూసే ఇవ్వాలన్నది ఒప్పుకుంటాను. కానీ రాత్రి డాక్టరు దొరకనప్పుడు కొత్త పిల్ల ఏం చెయ్యాలి?

ఐసీయూ అక్క:
డ్యూటీ మొదట్లోనే అడగాలి, ఈ పేషెంటుకు టార్గెట్ ఎంత రాశారని. రాయకపోతే పగలే రాయించుకోవాలి.

కొత్త స్టాఫ్ నర్స్:
అందరికీ చాలా థాంక్స్. అన్నీ రాసుకున్నాను. అక్కా, ఒక్క సందేహం, షుగర్ 14.2 అంటే మన లెక్కలో 256 కదా?

ఐసీయూ అక్క:
అవును చెల్లీ, 256. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, డ్రిప్ లెక్కలు ఇంకో నాలుగు కలిసి చేద్దాం.